తేమ, శ్రుతి, కనుబొమ్మ

జూలై 9

ఈ పుస్తకం తీసింది కంప్యూటర్ పాస్‌వర్డ్ రాసుకోడానికి. "రాసుకో మావయ్యా, లేకపోతే మర్చిపోతావు" అంది విశాలి. ఆ నోటితోనే "ఎక్కడా రాయకూడదు సుమా" అని కూడా అంది. రెండూ పాటించాలంటే ఎవరూ తెరవని పుస్తకం కావాలి. ఇది నా శిష్యుల పాత హాజరు పుస్తకం, వెనక సగం ఖాళీ. మా ఆవిడ కామేశ్వరి దీన్ని ముట్టుకోదు. పాస్‌వర్డ్: తకధిమి, దాని పక్కన మా పెళ్లయిన సంవత్సరం.

పుస్తకం ఎలాగూ తీశాను కాబట్టి ఇంకో సంగతి కూడా రాసి పడేస్తాను. ఆదివారం శ్రీకాకుళంలో కామేశ్వరి పాడింది, నేను మృదంగం వాయించాను. ముప్ఫై నాలుగేళ్లుగా ఆవిడ పాట పక్కన నా మృదంగమే. కచేరీ అయ్యాక నరసింగరావుగారు నన్ను పక్కకి పిలిచి "మొదటి కీర్తన నుంచీ మృదంగం శ్రుతి దిగే ఉందండీ" అన్నారు. ఆయన ఇక్కడ విజయనగరంలో మా సభకి కార్యదర్శి. ఆగస్టు 24న కామేశ్వరికి రెండున్నర గంటల కచేరీ పెట్టింది ఆయనే. "ఆ రోజుకి మీ మురళీమోహన్‌ని కూర్చోబెడదామా?" అని అడిగారు. మెత్తగానే అడిగారు. నా శిష్యుడి పేరు చెప్పి నన్ను లేవమనడం!

వర్షాకాలమండీ, గాలిలో తేమకి తోలు సాగుతుంది, శ్రుతి దిగుతుంది, అన్నాను. ఆయన ఫిజిక్స్ లెక్చరరుగా రిటైరైన మనిషి. "తేమ ఎంతుందో అంకెలు చూపించండి, ఒప్పుకుంటాను" అన్నారు. చూపిస్తాను. తేమే.

విశాలి కామేశ్వరి అన్న కూతురు. శ్రీకాకుళంలో ఇంజనీరింగు కాలేజీ ల్యాబులో పనిచేస్తుంది. దానికి ఫోన్ చేశాను. తేమ కొలిచే సెన్సరూ, దాన్ని నడిపే బుల్లి కంప్యూటర్ బోర్డూ పంపిస్తానంది. "శ్రుతి చూసుకోడానికైతే ఫోన్‌లో యాప్ ఉంటుంది కదా మావయ్యా" అని కూడా అంది. నలభై ఏళ్లు వాయించిన వాడికి యంత్రం శ్రుతి చెప్పడమేమిటి? గాలి సంగతి చెప్తే చాలు.

జూలై 11

బోర్డు వచ్చింది! నా వక్కల డబ్బాలో పడుతుంది. దీనికి తెర లేదు, కీబోర్డు లేదు. నా పాత ల్యాప్‌టాప్‌లోంచి వైఫై మీద దానిలోకి వెళ్లాలిట. నల్లటి తెర వస్తుంది, బొమ్మలుండవు, నొక్కడానికి ఏమీ ఉండదు, ఒక తెల్ల గీత మాత్రం కొట్టుకుంటూ ఉంటుంది. ఏం కావాలో మనమే అక్షరాల్లో చెప్పాలి.

విశాలి ఫోన్‌లో చెప్తుంటే కొట్టాను. ఎల్, ఎస్, ఎంటర్. లోపలున్న ఫైళ్ల పేర్లన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. మళ్లీ కొట్టాను. మళ్లీ నిలబడ్డాయి. పదకొండుసార్లు కొట్టాను.

"మావయ్యా, ఇంక చాలు, తర్వాతది చెప్తాను" అంది.

"ఉండవే, ఇంకొక్కసారి" అన్నాను. నా హాజరు పిలుపుకి ఇంత ఠంచనుగా పలికిన శిష్యుడు ఒక్కడూ లేడు.

ఫోన్ ఎడమ చెవికే పెట్టుకున్నాను. కుడి చెవికి పెట్టుకుంటే వేడెక్కుతోంది.

జూలై 12

అలాంటి ఫైలు లేదు. అలాంటి ఫైలు లేదు. అలాంటి ఫైలు లేదు. ఉంది! తెర లేదంటోంది గాని నా కళ్ల ముందే ఉంది! "గాలి" అన్న పేరుకి చివర ఒక చుక్క తక్కువైందట.

జూలై 13

ఈరోజు నా జీవితంలో గొప్ప రోజు. పెళ్లి రోజు తర్వాత. కామేశ్వరి ఎప్పుడైనా ఈ పుస్తకం తెరిస్తే ఆ ముక్క ఉండాలి కదా.

సెన్సరు ముట్టుకునే ముందు ఒక చిన్న లైటు వెలిగించి చూడమంది విశాలి. మురళీమోహన్ ఆదివారం పాఠానికి వచ్చి ఉన్నాడు. వాడిది నౌపడ దగ్గర పల్లె, వాళ్లది వరి పండించే ఇల్లు. భోగాపురం ఎయిర్‌పోర్టులో ఎలక్ట్రీషియను పని. నాకన్నా వాడి చేతికి తీగలు బాగా వింటాయి. లైటు తగిలించి పెట్టాడు. ప్రోగ్రాం మాత్రం నేనే రాశాను, పైథాన్‌లో. లైటు వెలిగించు, అర సెకను ఆగు, ఆర్పు, అర సెకను ఆగు, ఇదే తిప్పు. ఐదు వరసలు.

తప్పంది. మళ్లీ రాశాను. తప్పంది. విశాలికి ఫోన్ చేశాను.

"తిప్పు అన్న వరస కింద ఉన్నవన్నీ నాలుగు ఖాళీలు లోపలికి జరగాలి మావయ్యా. ఖాళీ ఇచ్చేవా?"

"ఖాళీయే కదాని వదిలేశాను."

"పైథాన్‌లో ఖాళీకి కూడా లెక్కుంది."

ఎంత మాట! మాకూ అంతే కదా. తాళంలో చెయ్యి మోగని చోటు కూడా లెక్కలోదే. ఈ భాష చేసినవాడెవడో గాని తాళం తెలిసినవాడే అయి ఉండాలి.

లైటు వెలిగింది. ఆరింది. వెలిగింది. మేమిద్దరం అరిచిన అరుపుకి వంటింట్లోంచి కామేశ్వరి గరిటెతో సహా వచ్చింది. అప్పుడు నాకు బుద్ధి పుట్టింది. అర సెకన్లు తీసేసి మూడు, నాలుగు చొప్పున విడగొట్టి మిశ్రచాపు తాళం రాశాను. లైటు మిశ్రచాపు వేసింది! కామేశ్వరి గరిటె బల్ల మీద పెట్టి చేత్తో తాళం వేస్తూ ఒక కీర్తన ఎత్తుకుంది. మురళీమోహన్ తొడ మీద వాయించాడు. లైటు ఒక్క అక్షరం తప్పలేదు.

"గురువుగారూ, ఇది నాకన్నా బాగా తాళం వేస్తన్నాదండీ" అన్నాడు వాడు.

ఆపాలంటే కంట్రోలూ, సీ కలిపి నొక్కాలి. నొక్కాను. ఆగింది. ఈ ఇంట్లో నేను ఆగమంటే ఆగింది ఇదొక్కటే.

జూలై 14

ఖండచాపు. తర్వాత ఝంప. పప్పు మాడింది, దానికి నేనే కారణమట.

జూలై 17

సెన్సరు తగిలించాను. తెల్లగా, అగ్గిపెట్టె కన్నా చిన్నది, ముందు జల్లెడలా చిల్లులు, కింద కాళ్లు. ఏ కాలు కరెంటుకి, ఏ కాలు కబురుకి, ఏ కాలు భూమికి అన్నది విశాలి బొమ్మ గీసి పంపింది. బొమ్మని తిరగేసి చూసినట్టున్నాను. వేలితో ముట్టుకుంటే చురుక్కుమంది. వాసన కూడా వచ్చింది.

మురళీమోహన్‌కి ఫోటో పంపాను. "ఏటండీ గురువుగారూ, కాళ్లు మార్చీసినారు! పాపం, కాలిపోనాదండి" అని జవాబు.

విశాలి ఈసారి రెండు పంపుతానంది. నా మీద నమ్మకం అలాంటిది.

సాయంత్రం కోట వైపు నడకకి వెళ్లాం. కామేశ్వరి ఈమధ్య పట్టుబట్టి నా ఎడమ పక్కకే వచ్చి నడుస్తోంది. అన్నం దగ్గరా అంతే, కాఫీ దగ్గరా అంతే. అడిగితే "గాలి ఇటే వస్తోందండీ" అంటుంది. కాఫీ తాగే వసారాలో సరే, నడిరోడ్డు మీద కూడా గాలి అటే వస్తుందా?

జూలై 22

తేమ 71.4.

71.6.

71.5.

నేను మాట్లాడటంలేదు, గాలే మాట్లాడుతోంది. నల్లటి తెర మీద, తెల్లటి అంకెల్లో, రెండేసి సెకన్లకి ఒకసారి. ఊపిరి దాని మీదకి వదిలాను, 88కి ఎక్కింది. విసనకర్రతో విసిరాను, మెల్లగా దిగింది. కామేశ్వరిని పిలిచి ఊదమన్నాను. "బాగుందండీ మీ ఆట" అని ఊదింది. 91! గాయని ఊపిరి కదా అన్నాను. నవ్వింది. చాలా రోజులకి అంతలా నవ్వింది.

కుడి చెవిలో చిన్న హోరు. వర్షాకాలం కదా.

జూలై 24

దొరికింది! దొరికింది!

సెన్సరుని మృదంగం దగ్గరే పెట్టాలని తోచింది. పొద్దున సాధన చేసి, మృదంగాన్ని దాని సంచీలో పెట్టి, సెన్సరుని కూడా లోపల దారంతో కట్టి, తీగ బయటికి తీసి జిప్పు వేశాను. పావుగంటకి చూస్తే తేమ 96! గదిలో 72, సంచీలో 96! ఇరవై నాలుగు తేడా! తోలు సాగక ఏం చేస్తుంది? ఇనుమైనా సాగుతుంది!

మధ్యాహ్నం దాకా ఫైల్లోకి అంకెలు రాయించాను. విశాలి చెప్పిన కిటుకుతో గ్రాఫు గీయించాను. కొండలా లేచింది. నరసింగరావుగారికి పంపించి, ఫోన్ చేసి, "చూశారా?" అన్నాను. "చాలా శ్రద్ధగా చేశారండీ, ఇంత తేమా!" అన్నారాయన. మురళీమోహన్ మాట ఎత్తలేదు.

సాయంత్రం జీడిపప్పు ఉప్మా నేనే చేశాను. కామేశ్వరి తిని "బాగుంది" అంది. గ్రాఫు గురించి మాత్రం ఏమీ అనలేదు. కచేరీకి ఇంకా నెల ఉంది. సంచీలో తేమ పీల్చే పొట్లాలు నాలుగు పడేస్తే నా చోటు నాకుంటుంది.

జూలై 27

రాయాలని లేదు. కానీ రాస్తాను, ఎందుకంటే ఇది ఎవరికీ చెప్పను.

మురళీమోహన్ పాఠానికి వచ్చాడు. గ్రాఫు చూపించాను. సంచీ విప్పి చూపించాను. వాడు సెన్సరు వైపు చూశాడు, మృదంగం వైపు చూశాడు, మళ్లీ సెన్సరు వైపు చూశాడు.

"గురువుగారూ, కోప్పడకండేం. సెన్సరు ఎడం మూత కాడ కట్టినారు కదండీ?"

"అవును. అయితే?"

"రవ్వ తుడిసినారేటండీ, సంచీలో పెట్టేముందు?"

ఎడమ మూతకి మంద్రం పలకడానికి తడిపిన బొంబాయి రవ్వ ముద్ద అద్దుతాం. వాయించడం కాగానే గీకి తీసేస్తాం. ప్రతి శిష్యుడికీ మొదటి రోజే చెప్తాను. ఆ పొద్దున అంకెల తొందరలో గీకలేదు. తడి ముద్ద పక్కన సెన్సరు కట్టి, జిప్పు వేసి, లోకమంతా తడిసిపోయిందని చాటాను. నేను కొలిచింది గాలిని కాదు, ఉప్మా రవ్వని.

వాడు నవ్వు ఆపుకోడానికి చేసిన ప్రయత్నం చూసి నాకే ముందు నవ్వొచ్చింది. ఇద్దరం కళ్లనీళ్లొచ్చేలా నవ్వాం. వాడు వెళ్లాక మాత్రం నవ్వు రాలేదు. రవ్వ గీకి, గుడ్డతో తుడిచి, మళ్లీ కట్టాను. 70. గదిలోనూ 70.

జూలై 28

నరసింగరావుగారికి ఇంకా చెప్పలేదు. రేపు చెప్తాను.

జూలై 29

రేపు.

ఆగస్టు 2

ఈసారి పద్ధతిగా చేస్తున్నాను. ఫైల్లో మూడు కాలమ్‌లు. తేమ: సెన్సరు రాస్తుంది. శ్రుతి: నా చెవి చెప్పింది నేను రాస్తాను. మూడోది కామేశ్వరి కనుబొమ్మ.

ఇది ఎవరికీ తెలియదు. ఆవిడకి శ్రుతి నచ్చకపోతే నోటితో అనదు, ఎడమ కనుబొమ్మ గింజంత పైకి లేస్తుంది. శిష్యురాళ్లు తప్పు పాడినా అంతే. ముప్ఫై నాలుగేళ్లు దాన్ని చూస్తూ వాయించినవాణ్ణి. లేస్తే 1, లేకపోతే 0. ఇంతకన్నా మంచి సెన్సరు బజార్లో దొరకదు.

ఆరు రోజుల లెక్క ఇది. తేమ 83, 79, 84, 66, 71, 80. శ్రుతి: సరి, సరి, సరి, సరి, సరి, సరి. కనుబొమ్మ: 1, 1, 1, 1, 1, 1.

వర్షం పడినా 1. ఎండ కాసినా 1.

కామేశ్వరికి మనసు బాగోలేదేమో. కచేరీ బెంగ అయి ఉంటుంది.

ఆగస్టు 5

మిగిలిన రెండో సెన్సరు కూడా తగిలించాను. ఒకటి 74 అంటోంది, రెండోది 78. ఒకే గది, ఒకే బల్ల! గాలి ఇద్దరికి రెండు మాటలు చెప్తుందా? విశాలికి ఫోన్ చేశాను.

"అది మామూలే మావయ్యా. ఒకటి తప్పు చూపిస్తోంది. ఏదో తెలియాలంటే రెండింటినీ పక్కపక్కనే పెట్టు, తర్వాత చోట్లు మార్చు. తేడా చోటులో ఉండిపోతే అది గాలి తేడా. తేడా సెన్సరుతో పాటే వెళ్లిపోతే..."

"సెన్సరు తేడా."

"అబ్బో, ఇంక నీకు నేనెందుకు? అదేం పెద్ద జబ్బు కాదు. ఎంత తేడాయో తెలిసిపోతే ప్రోగ్రాంలో తీసేసి వాడుకోవచ్చు. పారెయ్యక్కర్లేదు."

చోట్లు మార్చాను. తేడా సెన్సరుతో పాటే వెళ్లింది. ప్రోగ్రాంలో దానికి నాలుగు తగ్గించాను. ఇప్పుడు రెండూ ఒకే మాట మీద ఉన్నాయి. ఎంత అందంగా ఉందో!

ఆగస్టు 7

ఈరోజు ఏమీ రాయను.

ఆగస్టు 8

నిన్న రాయనిది ఇవాళ రాస్తాను.

సాధనకి కూర్చున్నాను. శ్రుతిపెట్టె ఎప్పట్లాగే ఎడమ పక్కన. కుడి చెవి కుడి మూత మీదకి వంచి, అంచు మీద రాయితో తట్టి శ్రుతి చేశాను. సరి. సరిగ్గా సరి. కామేశ్వరి గదిలోంచి పోతూ చూసింది. 1.

అప్పుడు శ్రుతిపెట్టె తీసి కుడి పక్కన పెట్టాను. ఎందుకు పెట్టానంటే, విశాలి చెప్పిన మాట రెండు రోజులుగా నన్ను వదల్లేదు. మృదంగం మీద ఒక దెబ్బ వేశాను. దిగి ఉంది! ఒక్క క్షణం కిందట సరిగ్గా ఉన్నది, రాయి ముట్టించకుండానే దిగింది. తెర మీద తేమ 74. అప్పుడూ 74, ఇప్పుడూ 74.

తర్వాత మృదంగం పక్కకి నెట్టేశాను. ఒక్క శ్రుతిపెట్టెనే ముందు పెట్టుకుని కుడి చెవి వేలితో మూసుకున్నాను. షడ్జం, నిండుగా, ఎప్పటి షడ్జమే. ఎడమ చెవి మూసుకున్నాను. షడ్జమే, కానీ కొంచెం పైన, పీలగా, దుప్పటి కప్పుకుని పాడినట్టు. ఒకే పెట్టె, ఒకే స్వరం, రెండు అంకెలు. తేడా చెవితో పాటే వచ్చింది.

కుడి చెవికి అన్నీ కొంచెం ఎత్తులో వినబడుతున్నాయి. ఆ చెవితో మృదంగం శ్రుతి చేస్తే కిందకే చేస్తాను. ఎడమ చెవిలో పెట్టె నిజం చెప్తోంది, కుడి చెవిలో మృదంగం అబద్ధం చెప్తోంది, రెండూ కలిశాయనుకుని నేను సంబరపడుతున్నాను.

భయమేసింది. ఈ పుస్తకంలో తప్ప ఎక్కడా చెప్పలేను, మృదంగం లేకపోతే నేనేమిటో నాకు తెలియదు. కామేశ్వరి పక్కన వేరే ఎవరో కూర్చుంటే నేను హాలులో ఏ కుర్చీలో కూర్చోవాలి?

ఆగస్టు 9

కామేశ్వరికి చెప్పాను. కాఫీ తాగుతూ, వసారాలో. ఆవిడ ఎప్పట్లాగే ఎడమ పక్కన ఉంది. అంతా చెప్పాను, పెట్టె, మూత, వేలు, 74.

కప్పు కింద పెట్టి "ఉగాది నుంచండీ" అంది.

"ఏమిటి ఉగాది నుంచి?"

"కుడి పక్క నుంచి పిలిస్తే పలకరు. ఎడం పక్క నుంచి గొణిగినా పలుకుతారు."

అప్పుడు వెలిగింది. అన్నం దగ్గర, కాఫీ దగ్గర, కోట దారిలో. గాలీ లేదు, ఏమీ లేదు. నాలుగు నెలలుగా నాకు వినబడే వైపుకి తిరుగుతూ ఉంది, నాకు తెలియకుండా.

"మరి చెప్పలేదేం?"

"చెప్తే ఆ పూటే మృదంగం అటకెక్కించేస్తారు. మిమ్మల్ని నేనెరగనా? మీకు మీరే కనుక్కుంటే దారి కూడా మీరే కనుక్కుంటారని ఊరుకున్నాను." కప్పు మళ్లీ తీసుకుని, "ఆ రవ్వ దగ్గరే కనుక్కుంటారనుకున్నాను" అంది.

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. కాఫీ చల్లారిపోయింది.

ఆగస్టు 11

చెవి డాక్టరుగారు చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, వినబడినప్పుడల్లా బొత్తాం నొక్కమన్నారు. గ్రాఫు వచ్చింది. ఎడమ చెవి గీత పైన నిలకడగా ఉంది. కుడి చెవి గీత మధ్యలో గోతిలో పడి లేచింది. లోపలి నరం దెబ్బతిందట. హోరుకి మందిచ్చారు. పోయింది పూర్తిగా తిరిగి రాదట, ఉన్నదాన్ని కాపాడుకోవాలి, మూడు నెలలకోసారి చూపించుకోవాలి. ఒకే స్వరం రెండు చెవులకి రెండుగా వినబడటం ఇలాంటి వాళ్లలో కొందరికి ఉంటుందట.

"ఎంత తేడా ఉందో చెప్పగలరా డాక్టరుగారూ? ప్రోగ్రాంలో తీసేసుకుంటాను" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. కామేశ్వరి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆగస్టు 13

నరసింగరావుగారింటికి వెళ్లాను. రవ్వ సంగతి మొత్తం చెప్పాను. చెవి గ్రాఫు బల్ల మీద పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"నేను అంకెలు అడిగాను, మీరు తెచ్చిచ్చారు. ఇలాంటివి తెస్తారనుకోలేదండీ" అన్నారు. తర్వాత మెల్లగా అసలు సంగతి బయటపెట్టారు. జూలైలోనే ఆయన కామేశ్వరికి ఫోన్ చేశారట. "ఆయన వాయించకపోతే ఆ తేదీ ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి" అందట. నాతో ఒక్క మాట అనలేదు!

నేనే ఒక షరతు పెట్టాను. మురళీమోహన్ తన మృదంగం శ్రుతి చేసుకుని వెనక కూర్చోవాలి. కచేరీలో నా శ్రుతి దిగి, నేను సరిచేసుకోలేకపోతే, లేచి వాడికి చోటిస్తాను. కామేశ్వరి పాట చెడగొట్టే హక్కు నాకు లేదు. నరసింగరావుగారు సరేనన్నారు.

ఆగస్టు 17

జూలైలో నేనేం రాశానో వెనక్కి తిప్పి చూశాను. యంత్రం శ్రుతి చెప్పడమేమిటి అని రాశాను. ఇప్పుడు ఆ యంత్రాన్ని నేనే తయారుచేస్తున్నాను!

బోర్డుకి చిన్న మైకు తగిలించాం. మురళీమోహన్ తీగలు అతికించాడు, విశాలి లెక్క చెప్పింది, నేను టైపు చేశాను. మృదంగం మీద దెబ్బ వేస్తే సెకనుకి ఎన్ని కంపనాలో తెర మీద అంకె వస్తుంది. కామేశ్వరి శ్రుతికి 196 రావాలి. వస్తే పచ్చ లైటు, తగ్గితే ఎర్ర లైటు. మొదటిసారి నా కుడి చెవితో శ్రుతి చేసి కొట్టాను. 189. ఎర్ర. ఏడు కంపనాలు! ఏడు! ఇదీ నా తేడా. పేరు పెట్టి పిలిస్తే పలికినట్టయింది. సిగ్గేం వెయ్యలేదు, ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"గురువుగారూ, ఎడం సెవితో సూడండీసారి" అన్నాడు మురళీమోహన్.

ఎడమ చెవి కుడి మూత మీదకి వంచాలంటే మృదంగాన్ని ఇటు నుంచి అటు తిప్పుకుని, దాని మీద పడి, మెడ మెలిపెట్టాలి. తప్పిపోయిన గేదె కోసం గడ్డివాము కింద వెతుకుతున్నట్టు ఉన్నానని కామేశ్వరి అంది. 192. ఎర్ర. మళ్లీ. 194. మళ్లీ. 196.

పచ్చ!

ఆగస్టు 18

పచ్చ. ఎర్ర. ఎర్ర. పచ్చ. మెడ పట్టేసింది.

ఆగస్టు 21

లైటు చూడకుండా ఎడమ చెవితో పదిసార్లు చేశాను, తర్వాత లైటు చూశాను. పదిలో ఎనిమిది పచ్చ. కనుబొమ్మ కాలమ్ నాలుగు రోజులుగా నింపలేదు. ఆవిడ వైపు చూడటం లేదు, లైటు వైపే చూస్తున్నాను. లైటైతే నొచ్చుకోదు.

ఆగస్టు 25

నిన్న కచేరీ అయింది. ఇప్పుడు పొద్దున పదయింది. కామేశ్వరి స్నానానికి వెళ్లింది. గబగబా రాసేస్తాను.

సాయంత్రం ఐదున్నరకి హాలు నిండింది. బయట కుండపోత. విశాలి కూడా శ్రీకాకుళం నుంచి బస్సులో తడుస్తూ వచ్చింది. బోర్డుని మృదంగం పక్కన గుడ్డ కప్పి పెట్టాం, లైటు నాకొక్కడికే కనబడేలా. తేమ 89. ఈసారి రవ్వ అబద్ధం కాదు, నిజంగా గాలే. మురళీమోహన్ నా వెనక, ఒళ్లో తన మృదంగం సంచీతో.

మొదటి మూడు కీర్తనలూ పచ్చ. నాకు గాల్లో తేలుతున్నట్టుంది. ఉగాది నుంచీ అలా వాయించలేదు. నాలుగోదానికి కామేశ్వరి రాగం ఎత్తుకుంది, 6:52కి కరెంటు పోయింది. మైకుకీ రెండు దీపాలకీ ఇన్వర్టరుంది. నా బోర్డుకి లేదు. పచ్చా లేదు, ఎర్రా లేదు.

మృదంగం మీద వేలు వేశాను. ఫ్యాన్లు ఆగిన హాలు, మూడొందల మంది ఊపిరి, వాన. తోలు సాగిందని వేలికే తెలిసింది. కామేశ్వరి వైపు చూశాను, వారం రోజుల తర్వాత. కనుబొమ్మ లేచి ఉంది. గింజంత.

వెనక్కి తిరిగి మురళీమోహన్‌ని చూశాను. లేవడానికి నేను సిద్ధమే. వాడు సంచీ మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. జిప్పు కూడా తియ్యలేదు. "ఎడం సెవి గురువుగారూ, ఎడం సెవి" అన్నాడు పెదాలతోనే.

అందరి ముందరా చెయ్యడం ఒక్కటే నేను అనుకోనిది. ఇంట్లో వేరు. ఎదురుగా నరసింగరావుగారు, నా పాత శిష్యులు, ఊళ్లో పాట తెలిసినవాళ్లంతా. మృదంగం తిప్పి, దాని మీద పడి, మెడ మెలిపెడితే మూడొందల మందికీ తెలిసిపోతుంది.

మృదంగం తిప్పాను.

కామేశ్వరి పాడుతున్న రాగాన్ని అక్కడే ఆపింది. ఆపి, షడ్జం పట్టింది. ఉత్త షడ్జం. నా వైపు, నా ఎడమ చెవి వైపు కొంచెం ఒంగి, కదలకుండా, ఊపిరి చాలినంత సేపు. ఊపిరి తీసుకుని మళ్లీ అదే షడ్జం. నేను రాయితో తట్టాను. విన్నాను. తట్టాను. హాలులో వాన చప్పుడూ ఆవిడ గొంతూ తప్ప ఏమీ లేవు. ఎన్నిసార్లు ఊపిరి తీసుకుందో లెక్కపెట్టలేదు. కలిసిన క్షణం నాకు తెలిసింది. లైటు చెప్పలేదు, నాకే తెలిసింది.

ఒక దెబ్బ వేశాను. ఆవిడ రాగం వదిలిన చోటునుంచే ఎత్తుకుంది. జనం అప్పుడు కొట్టిన చప్పట్లు రాగానికో, శ్రుతికో, దేనికో తెలియదు. నాకు ఒళ్లు తెలియలేదు.

7:31కి కరెంటొచ్చింది. లైటు వెలిగింది. పచ్చ.

కచేరీ అయ్యాక నరసింగరావుగారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. విశాలి మాత్రం "మావయ్యా, బోర్డుకి బ్యాటరీ పెట్టాలని నాకు తట్టనేలేదు, సారీ" అంది. మంచి పని చేశావే అన్నాను.

ఇందాక ల్యాప్‌టాప్ తెరిచి ఫైలు చూస్తుంటే కామేశ్వరి వచ్చి నా ఎడమ పక్కన కూర్చుంది. 6:52 నుంచి 7:31 దాకా ఖాళీ. తేమ లేదు, శ్రుతి లేదు. "ఈ మూడోది ఏమిటండీ? 1, 1, 1 అని?" అంది.

చెప్పక తప్పలేదు. ముప్ఫై నాలుగేళ్ల కనుబొమ్మ సంగతి మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆ ఎడమ కనుబొమ్మనే చేత్తో తడుముకుంది, ఇన్నాళ్లూ అక్కడుందని తెలియనట్టు.

"మరి ఈ ఖాళీలో ఏం వేస్తారు? సెన్సరు లేదు కదా."

"సెన్సరు ఉంది" అన్నాను. "ఆ కనుబొమ్మ ఎప్పుడు దిగిందో అదే చెప్పాలి."

ల్యాప్‌టాప్ తన వైపు లాక్కుంది. కీబోర్డు మీద వేలు అటూ ఇటూ వెతుక్కుని, ఒక్క మీట మీద ఆగింది. కచేరీలో నేను కొట్టిన ఆ దెబ్బ పడిన నిమిషం పక్కన, మూడో కాలమ్‌లో, మెల్లగా నొక్కింది.

0.